చూసింది రాసినందుకు మార్కులు పోకూడదు

సంపాదకులు గారికి నమస్కారం.

డిగ్రీ మొదటి సంవత్సరం మైక్రోబయాలజీ ప్రాక్టికల్ పరీక్షలు ఈమధ్యే అయిపోయాయి. మార్కులు రాలేదని రాస్తున్న ఉత్తరం కాదిది. మార్కులు బాగానే వచ్చాయి. వాటిలో కొన్ని మాత్రం నేను చూడనిదాన్ని చూసినట్టు రాసినందుకు వచ్చాయి. ఈ సంగతి మా క్లాసులో అందరికీ తెలుసు, ఎవరం పైకి అనం. పాఠాలు చెప్పేవాళ్లూ, ప్రాక్టికల్స్‌కు మార్కులు వేసేవాళ్లూ మీ పత్రిక చదువుతారు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

అది మూడో వారం ప్రాక్టికల్, గ్రామ్ స్టెయినింగ్, అంటే రంగులు వేసి బ్యాక్టీరియాను రెండు రకాలుగా విడదీసే పద్ధతి. బల్ల మీద రెండు టెస్ట్‌ట్యూబులు ఉన్నాయి. ఒకదాని మీద స్టాఫిలోకాకస్ అని, రెండోదాని మీద ఇ. కోలై అని బ్యాక్టీరియా పేర్లతో చీటీలు అంటించారు. ఏం కనిపించాలో బోర్డు మీద ముందే రాసి ఉంది: మొదటిది గ్రామ్ పాజిటివ్, ఊదా రంగు, గుండ్రటి కణాలు, గుత్తులు గుత్తులుగా, రెండోది గ్రామ్ నెగటివ్, గులాబీ రంగు, పొట్టి కడ్డీలు. నేను స్లైడు మీద నీటి చుక్క వేసి, లూప్‌తో (కొస ఉంగరంలా వంచిన తీగ) రవ్వంత కల్చర్ (పెంచిన బ్యాక్టీరియా) తీసి పలచగా పరిచాను. ఆరాక మంట మీదుగా మూడుసార్లు పోనిచ్చాను. క్రిస్టల్ వయొలెట్ అనే ఊదా రంగు ఒక నిమిషం ఉంచి కడిగాను. అయోడిన్ ఒక నిమిషం ఉంచి కడిగాను. తర్వాత ఆల్కహాల్. ఎంతసేపు పోయాలంటే, రంగు కారడం ఆగేవరకూ అని మాన్యువల్‌లో ఉంది. ఆగిందో లేదో నా కంటికి తెలియలేదు. పోస్తూనే ఉన్నాను. చివర్లో శాఫ్రనిన్ అనే గులాబీ రంగు వేసి, కడిగి, ఆరబెట్టి, నూనె చుక్క వేసి వంద రెట్ల లెన్స్ కిందికి జరిపాను. ఫైన్ ఫోకస్ కొద్దికొద్దిగా తిప్పుతుంటే ఒక్కసారిగా తేటగా కనిపించాయి. గుండ్రటి కణాలే, గుత్తులుగానే ఉన్నాయి. రంగు మాత్రం గులాబీ.

బోర్డు వైపు చూశాను. మళ్లీ లెన్స్‌లోకి చూశాను. రికార్డులో 'ఊదా' అని రాసి, రంగు పెన్సిల్‌తో ఊదా గుత్తులు చక్కగా దించాను. పదికి తొమ్మిది వచ్చాయి.

నా పక్కన కూర్చునే అమ్మాయికి కూడా గులాబీయే వచ్చింది. తను గులాబీ అనే రాసింది. 'రిజల్ట్ తప్పు, మళ్లీ చెయ్యి' అన్నారు లెక్చరర్. మళ్లీ చేయడానికి టైమ్ లేదు, ఆ పూటకి మైక్రోస్కోపు ఇంకో బ్యాచ్‌కి ఇవ్వాలి. తనకి నాలుగు మార్కులు పడ్డాయి. ఆ తర్వాత ఏడాది పొడుగునా తను లెన్స్‌లో చూసేముందు బోర్డు చూడటం నేను గమనించాను. చాలా శ్రద్ధగా చదివే అమ్మాయి. తను అలా మారిపోయినందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంది. ఈ ఉత్తరం సగం తన కోసమే.

ఇది జరిగిన మూడు వారాలకు లెక్చర్ హాల్లో కణకవచం (కణం చుట్టూ ఉండే గోడ) పాఠం వచ్చింది. గ్రామ్ పాజిటివ్ బ్యాక్టీరియాకు ఆ గోడలోని పెప్టిడోగ్లైకాన్ అనే పదార్థపు పొర మందంగా, 20 నుంచి 80 నానోమీటర్ల వరకూ ఉంటుందని, నెగటివ్‌లలో అది చాలా పలచనని, దానిపైన కొవ్వులున్న ఇంకో పొర ఉంటుందని చెప్పారు. క్రిస్టల్ వయొలెట్, అయోడిన్ కలిసి కణం లోపల పెద్ద ముద్దగా తయారవుతాయి. ఆల్కహాల్ తగలగానే మందపాటి పొరలో నీరుపోయి అది బిగుసుకుంటుంది, రంగు లోపలే చిక్కుకుంటుంది. పలచటి పొర ఉన్నవాటిలో పైపొర కొవ్వు కరిగి రంగు బయటికి వచ్చేస్తుంది. ఇదంతా చెబుతూ మేడమ్ ఒక మాట అన్నారు. 'ఆల్కహాల్ మరీ ఎక్కువసేపు పోస్తే పాజిటివ్ కూడా రంగు వదిలేస్తుంది. కల్చర్ పాతదైనా అంతే, కవచం దెబ్బతిని ఉంటుంది.' రెండు వందల మంది కూర్చున్న హాల్లో ఆ మాట నా కోసమే చెప్పినట్టు వినిపించింది. నా స్లైడు తప్పు కాదు. నేను పోసిన ఆల్కహాల్‌కు ఆ స్లైడు సరిగ్గానే జవాబు చెప్పింది. దాన్ని తుడిచేసి బోర్డు మీది జవాబు రాసింది నేను.

ఆ రోజే 'గులాబీ' అని రాసి ఉంటే, ఎందుకు గులాబీ అని అడిగేదాన్ని. కణకవచం గురించి పాఠం రాకముందే నాకు ఒక ప్రశ్న ఉండేది. ప్రశ్న ఉన్నవాళ్లకి ఆ పాఠం వేరేగా వినిపిస్తుంది. నాకు అది మూడు వారాలు ఆలస్యంగా దొరికింది, అదీ అనుకోకుండా. మా క్లాసులో చాలామందికి అసలు దొరకలేదు. కారణాలు పరీక్షలో అడుగుతారు కాబట్టి బట్టీ పట్టారు, అంతే.

ఈ పద్ధతిని కనిపెట్టిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ డెన్మార్క్ దేశస్తుడు. 1884లో బెర్లిన్‌లో పనిచేస్తూ దీన్ని ప్రచురించారు. తన పద్ధతి ఇంకా లోపాలతో అసంపూర్ణంగా ఉందని తెలుసని, అయినా మిగతావాళ్ల చేతుల్లో ఉపయోగపడుతుందేమోనన్న ఆశతో ప్రచురిస్తున్నానని ఆ వ్యాసంలోనే ఒప్పుకున్నారు. కొన్ని బ్యాక్టీరియాలు రంగు నిలుపుకోవడం లేదన్న విషయం ఆయన దాచలేదు. తర్వాత ఇతరులు శాఫ్రనిన్ లాంటి రెండో రంగు చేర్చారు, మొదటి రంగును వదిలేసినవే 'నెగటివ్' అన్న పెద్ద వర్గం అయ్యాయి. లోపంగా కనిపించినదాన్ని ఉన్నది ఉన్నట్టు రాయబట్టే ఇవాళ మా సిలబస్‌లో మొదటి యూనిట్ ఉంది. ఆయన పేరు మీదున్న ప్రయోగంలోనే మేము చూడనిది రాస్తున్నాం.

స్ట్రీక్ ప్లేట్ (బ్యాక్టీరియాను ప్లేటు మీద గీతలుగా గీసి విడదీయడం) సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ సబ్జెక్టు మీద ప్రేమ పుట్టింది అక్కడే. లూప్‌ను మంటలో ఎర్రగా కాల్చి, ప్లేటులోని అగార్ (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ) అంచుకు తాకించి చల్లార్చి, కల్చర్ తీసుకుని ప్లేటులో ఒక మూల గీయాలి. మళ్లీ కాల్చి, ఆ గీతల చివర్లను ఒకట్రెండు సార్లు తాకుతూ పక్క మూలకి లాగాలి. మళ్లీ కాల్చాలి, మళ్లీ లాగాలి. నాలుగో మూలకి వచ్చేసరికి బ్యాక్టీరియా ఎంత పలచబడాలంటే, ఒక్కొక్కటి విడిగా పడి, మర్నాటికి ఒక్కొక్కటీ కంటికి కనిపించే ఒక గుండ్రటి గుంపు, అంటే కాలనీ కావాలి. పుస్తకంలో ఇది నాలుగు లైన్లు. నా మొదటి ప్లేటులో మధ్యలో లూప్ కాల్చడం మర్చిపోయాను, ప్లేటంతా ఒకటే పూతలా పెరిగింది. రెండోదాంట్లో చెయ్యి బరువై అగార్ చీలింది, గీత వెంట కాలువ పడ్డట్టు అయింది. మూడోదాంట్లో చివరి మూలలో పదకొండు కాలనీలు విడివిడిగా వచ్చాయి. నున్నగా, గుండుసూది తలకాయంత. ఒక్కో కాలనీలో లక్షల కొద్దీ కణాలు, అన్నీ ఒకే కణం సంతానం. నేను దాన్ని వెలుగుకి ఎత్తి పట్టుకుని ఎంతసేపు చూశానో నాకు తెలియదు.

అలా విడి కాలనీ తీయడం ఎంత కష్టంగా ఉండేదో చరిత్ర చదివితే అర్థమైంది. జర్మన్ శాస్త్రవేత్త రాబర్ట్ కోచ్ మొదట్లో బ్యాక్టీరియాను పెంచడానికి జెలటిన్ వాడేవారు. అది ఇంక్యుబేటర్ (ప్లేట్లను వెచ్చగా ఉంచే పెట్టె) వేడికి కరిగిపోయేది, కొన్ని బ్యాక్టీరియాలైతే దాన్నే జీర్ణం చేసుకుని నీరుగార్చేవి. ఆయన ల్యాబులో పనిచేసిన వాల్టర్ హెస్సే గారి భార్య ఫానీ హెస్సే, వంటింట్లో జెల్లీలు గట్టిపడటానికి వాడే అగార్ సంగతి చెప్పారు. అగార్ మరిగే నీళ్లంత వేడికి కరిగి, ఇంచుమించు 40 డిగ్రీలకు గడ్డకడుతుంది. ఒకసారి గడ్డకట్టాక 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో కరగదు. 1882లో కోచ్ క్షయ బ్యాక్టీరియా గురించి ప్రకటించిన పనిలో దీని ప్రస్తావన ఉంది. అదే ల్యాబులోని జూలియస్ రిచర్డ్ పెట్రీ 1887లో మూత ఉన్న పళ్లెం తయారుచేశారు. వీళ్లంతా తమ ముందున్న పాడైపోయిన ప్లేట్లను చూసి, ఎందుకు పాడయ్యాయని ఆలోచించినవాళ్లు. మాకు పాడైన ప్లేటు వస్తే అది నేరుగా ఆటోక్లేవ్‌కి (ఆవిరితో క్రిముల్ని చంపే యంత్రం) వెళ్లిపోతుంది. ఎందుకు పాడయిందో చూసే పది నిమిషాలు కూడా మాకు ఇవ్వరు.

చూస్తే ఎంత తెలుస్తుందో మా ల్యాబ్ అటెండర్ గారి దగ్గర నేర్చుకున్నాను. ఆయనకు డిగ్రీ లేదు, మీడియా (కరిగించిన అగార్) ప్లేట్లలో పోయడంలో ఆయనంత చెయ్యి తిరిగినవాళ్లు లేరు. ఫ్లాస్క్ అరచేతి వెనక తట్టుకోగలిగినంత వేడికి వచ్చాకే పోయాలని, మరీ వేడిగా పోస్తే మూతకి ఆవిరి పట్టి ఆ నీటి చుక్కలు కాలనీల మీద పడి ఒకదాన్నొకటి కలిపేస్తాయని, అందుకే ప్లేట్లు బోర్లించి పెడతారని ఆయనే చూపించారు. ఒకసారి నా ప్లేటులో పసుపుపచ్చ కాలనీ ఒకటి కనబడింది. పారేద్దామనుకుంటుంటే ఆయన ఆపి, 'అది గీత మీద ఉందా, గీత పక్కన ఉందా చూడమ్మా' అన్నారు. గీతకి పక్కన ఉంది. అంటే మూత ఎక్కువసేపు తెరిచినప్పుడు గాలిలోంచి పడింది. గీత మీదే ఉంటే నా కల్చర్‌లోనో, నా లూప్‌లోనో తేడా ఉన్నట్టు. ఒక్క ప్రశ్నతో నా తప్పు ఎక్కడ జరిగిందో తేలిపోయింది. ఇది నా రికార్డులో ఎక్కడా లేదు. రికార్డులో దానికి గడి లేదు. ఆ గడిలో 'విడి కాలనీలు గమనించబడినవి' అని ముందే ఉన్న వాక్యం మాత్రమే పడుతుంది.

పాడైన ప్లేటన్నిట్లో కొత్త మందు ఉంటుందని నేను అనడం లేదు. 1928లో అలెగ్జాండర్ ఫ్లెమింగ్ ప్లేటులో పడ్డ బూజు కథ లెక్చర్లో అందరికీ చెబుతారు, అలాంటివి అరుదు. నాకు దానికంటే బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అనే ఇద్దరు డాక్టర్ల కథ ఎక్కువ పనికొచ్చింది. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో వాళ్లు కడుపు పొరల నుంచి తీసిన నమూనాలను పెంచుతుండేవారు. రెండు రోజుల్లో ఏమీ కనిపించకపోతే మామూలుగా ప్లేట్లు పారేసేవారు. 1982 ఈస్టర్ సెలవుల్లో ఆ ప్లేట్లు ఇంక్యుబేటర్‌లో ఎక్కువ రోజులు ఉండిపోయాయి. తిరిగొచ్చి చూస్తే కాలనీలు ఉన్నాయి. కడుపులో పుండ్లకు కారణమని తేలిన, ఇవాళ మనం హెలికోబాక్టర్ పైలోరీ అంటున్న బ్యాక్టీరియా అదే. 2005లో వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది. అప్పటిదాకా 'ఏమీ పెరగలేదు' అన్నది నిజంగానే ఫలితం. ఎన్ని రోజులకు పెరగలేదు అన్నది కూడా రాసినప్పుడే దానికి అర్థం ఉంటుంది. మా రికార్డుల్లో రోజులు కూడా రాయం.

ఇక్కడ ఇంకో ఇబ్బంది ఉంది. మా ప్రాక్టికల్ వారానికి ఒకటి. ప్లేటు మర్నాటికి తయారవుతుంది, ఆ రోజు మాకు వేరే క్లాసులు. అటెండర్ గారు ప్లేట్లు తీసి ఫ్రిజ్‌లో పెడతారు, మేము చూసేసరికి వారం. వారం నాటి కల్చర్‌తో స్లైడు వేస్తే గ్రామ్ పాజిటివ్ కణాలు సగం ఊదాగా, సగం గులాబీగా కనిపించడం వింతేమీ కాదు. మేము బోర్డు చూసి రాయడానికి ఇదీ ఒక కారణం. మా లెక్చరర్ల తప్పని అనలేను. ఒక్కరే అరవై మందిని చూస్తున్నారు, మైక్రోస్కోపులు పన్నెండు, వాటిలో రెండింటి నూనె లెన్స్ మసకబారింది. వాళ్ల అలసట నేను దగ్గర నుంచి చూశాను.

ఒక్క ప్రాక్టికల్ మాత్రం వేరేగా జరిగింది. డైల్యూషన్, అంటే కల్చర్‌ను మెట్లు మెట్లుగా పలచన చేసి, ప్లేటులో వేసి కాలనీలు లెక్కపెట్టడం. తొమ్మిది మిల్లీలీటర్ల నీళ్లలో ఒక మిల్లీలీటర్ కల్చర్ కలిపి, అందులోంచి ఒకటి తీసి మరో తొమ్మిదిలో, అలా ముందుకు పోవాలి. పదివేల రెట్లు పలచన చేసిన ప్లేటులో నాకు 212 కాలనీలు వచ్చాయి. లక్ష రెట్ల ప్లేటులో ఇంచుమించు 21 రావాలి. నాకు 47 వచ్చాయి. చుట్టుపక్కల అందరూ '21 రాసెయ్' అన్నారు. అప్పటికి గ్రామ్ స్లైడు సంగతి నా మనసులో ఉంది కాబట్టి 47 అనే రాశాను. ఆ రోజు వచ్చిన సార్ కొత్తవారు. మార్కులు వేయకుండా నా బల్ల దగ్గరే నిలబడి, 'ఎక్కువెందుకు వచ్చిందంటావు?' అని అడిగారు. ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోయారు. ట్యూబు బాగా కలిపావా? కలిపాను. ప్లేట్లు తారుమారయ్యాయా? లేదు. పిపెట్ (కొలిచి ద్రవం తీసే గొట్టం) మార్చావా? మార్చలేదు. అక్కడ నాకే తట్టింది. అన్ని ట్యూబులకూ ఒకే పిపెట్ వాడాను. దాని లోపలి గోడకు అంటుకున్న చిక్కటి కల్చర్ తర్వాతి ట్యూబుల్లోకి కొంచెం కొంచెం దిగింది. చిక్కగా ఉన్న ట్యూబులో ఆ తేడా తెలియదు, పలచటి ట్యూబులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

సార్ అడిగిన మీదట తర్వాతి వారం ట్యూబుకో పిపెట్ మార్చి మళ్లీ చేశాను. 198, 23 వచ్చాయి. 23 అన్నది 30 కంటే తక్కువ కాబట్టి లెక్కకు తీసుకోకూడదని, 30 నుంచి 300 మధ్య ఉన్నదాన్నే తీసుకోవాలని, తక్కువ సంఖ్యల్లో అదృష్టం పాలు ఎక్కువగా ఉంటుందని అప్పుడు అర్థమైంది. అంతకు ముందు ఆ నియమం నాకు బట్టీ వాక్యం. ఆ పది నిమిషాల్లో నేర్చుకున్నంత నేను మరే పది నిమిషాల్లోనూ నేర్చుకోలేదు. '21' రాసి ఉంటే ఆ సార్ టిక్కు పెట్టి పక్క బల్లకి వెళ్లిపోయేవారు.

మాలో చాలామంది రేపు ఆస్పత్రి ల్యాబుల్లో పనిచేస్తారు. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) అనుమానంతో వచ్చిన రోగి వెన్ను నుంచి తీసిన ద్రవానికి మొట్టమొదట చేసే పరీక్షల్లో గ్రామ్ స్టెయిన్ ఒకటి. దాని ఫలితం గంటలోపే చెప్పొచ్చు, కల్చర్‌కు రోజో రెండు రోజులో పడుతుంది. ఈలోగా ఏ మందు ఇవ్వాలో డాక్టర్లు ఆలోచించేటప్పుడు ఆ స్లైడు మీద కనిపించిన రంగు కూడా చూస్తారు. అక్కడ బోర్డు మీద జవాబు రాసి ఉండదు. ఏం ఉండాలో అది చూడటం మాకు మొదటి ఏడాది నుంచే అలవాటైపోతే, ఆ రోజు మా కళ్లు ఏం చూస్తాయో తలుచుకుంటే నాకు భయం వేస్తుంది.

అందుకే అడుగుతున్నాను. కల్చర్ల మీద పేర్లు రాయకుండా ఒకటి, రెండు అని అంకెలు వేసి ఇవ్వండి. దీనికి కొత్త పరికరం ఏదీ అక్కర్లేదు, చీటీ మారిస్తే చాలు. ఫలితం ఏదైనా సరే, కనిపించింది కనిపించినట్టు రాసి, అలా ఎందుకు వచ్చి ఉంటుందో రెండు వాక్యాలు రాసినవాళ్లకి పూర్తి మార్కులు వేయండి. బల్ల దగ్గర రాసుకున్న చిత్తు నోటుబుక్కు మీద ఆ రోజే సంతకం పెట్టండి, ఇంటికెళ్లి రంగులు దిద్దిన రికార్డు మీద కాదు. ప్లేట్లు వేసిన మర్నాడు ఒక అరగంట, భోజన విరామంలోనైనా సరే, ల్యాబు తలుపు తెరిచి ఉంచండి. మేమే వస్తాం. తెలియని కాలనీలున్న ప్లేట్లను మూత తీయకుండా, టేపు అంటించి చూపిస్తే ప్రమాదం లేదు, మా అటెండర్ గారు అలాగే చూపించేవారు. మళ్లీ చేయమని చెప్పడం కూడా మంచిదే, మొదటిసారి రాసింది కొట్టేయకుండా ఉంటే.

మా పాత రికార్డులు కొత్తగా చేరినవాళ్లు తీసుకుంటారు. బొమ్మలు వాటిలో చూసే వేస్తారు, మేమూ అలాగే వేశాం. నా రికార్డు కోసం పోయిన వారం ఒక అమ్మాయి వచ్చింది. ఇచ్చేముందు గ్రామ్ స్టెయినింగ్ పేజీ తీశాను. ఊదా గుత్తుల బొమ్మ పక్కన ఖాళీ ఉంటే అక్కడ ఇలా రాశాను: 'నాకు కనిపించింది గులాబీ రంగు. ఆల్కహాల్ ఎక్కువసేపు పోశాను. కల్చర్ ఎన్ని రోజులదో అడగలేదు.' కింద తేదీ వేసి రికార్డు తన చేతికిచ్చాను.

ఇట్లు,
మైక్రోబయాలజీ మొదటి సంవత్సరం పూర్తిచేసిన ఒక విద్యార్థిని